రెండంకెల ఇల్లు

గోడకి చిల్లు పడుతోంది. మామయ్య గదిలో మెకానిక్ నిచ్చెన మీద నిలబడి, డ్రిల్లుకి భుజం ఆనించి తోస్తున్నాడు. ఆ గోల గోడలోంచి వంటగదిలోకి, అక్కణ్ణుంచి నేను కూర్చున్న స్టూలులోకి, స్టూలులోంచి నా వెన్నులోకి ఎక్కి పళ్ళు జివ్వుమనిపిస్తోంది. చెవులు మూసుకోవచ్చు, మూసుకోను. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఏసీ అన్న మాట ఎవరెత్తినా ఒంటికాలి మీద లేచిన మనిషిని నేనే కాబట్టి ఈ చప్పుడంతా నేనే వినాలి. మూడు కావస్తోంది. నాలుగింటికి మా ఆయన మామయ్యని ఆసుపత్రి నుంచి తీసుకొస్తాడు. ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి గది చల్లబడి ఉండాలని, ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదని, ఇంకోసారి ఒంట్లో వేడి అలా ఎక్కితే మనిషి దక్కడని డాక్టరు మా ఇద్దరినీ నిలబెట్టి మరీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక ప్రశ్న కూడా అడిగింది. అంత ఎండలో, మధ్యాహ్నం పూట, ఫ్యాను కట్టేసుకుని ఎందుకు కూర్చున్నారాయన? మా ఆయన తల అడ్డంగా ఊపాడు, పెద్దవాళ్ళు కదండీ, వెయ్యడం మర్చిపోయి ఉంటారు అన్నాడు. నేనూ తల ఊపాను. నాకు తెలుసు. పన్నెండు రోజులుగా నాకు తెలుసు.

డ్రిల్లు ఆగింది. గోడ అవతల సిమెంటు పెళ్ళలు సందులోకి రాలిన చప్పుడు. మెకానిక్ వచ్చి గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగాడు. నలభై దాటిన మనిషి, కనుబొమలు సిమెంటు దుమ్ముతో నెరిసిపోయాయి, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఈ వారంలో మీది పంతొమ్మిదోది మేడం," అన్నాడు, గొప్ప చెప్పుకుంటున్నట్టు కాదు, విసుగ్గానే. "వద్దు వద్దని గిరి గీసుకుని కూర్చున్నవాళ్ళంతా ఈ ఏడాది ఫోన్లు చేస్తున్నారు. నాకు తిండి తినే తీరిక లేదు." మీ ఇంట్లో ఉందా అని అడిగాను, ఎందుకడిగానో. నవ్వాడు. "డాబా మీద రేకుల గదండీ మాది. అందులో పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే." రెండో గ్లాసు పోశాను. తాగుతూ ఇల్లంతా ఒకసారి చూశాడు, చూసి, "ఇన్నాళ్ళూ ఇది లేకుండా ఎలా ఉన్నారు మేడం?" అన్నాడు. నీళ్ళు తాగింది అతను, నమిలింది నేను. అతని చూపు ఫ్రిజ్ మీది కాగితం మీద ఆగింది, గళ్ళు, తారీఖులు, అంకెలు, చివరి గడిలో రెండు అంకెలు, చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసిన సున్నా. "పాప మార్కులా?" అన్నాడు. అవునన్నాను. అతను లోపలికి వెళ్ళాడు, నిచ్చెన జరిపిన చప్పుడు, మళ్ళీ డ్రిల్లు.

అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ కాగితం ముందు మా బుడ్డదానిదే. రెండేళ్ళ క్రితం బళ్ళో ఇచ్చారు: మీ ఇంటి కర్బన పాదముద్రని వారం రోజులు గమనించి పట్టిక నింపండి. అది టేబుల్ దగ్గర కూర్చుని చదువుతుంటే మామయ్య కళ్ళజోడు సవరించుకుని, "పాదముద్రంటే, మనం నడిచిన చోటల్లా మసి అంటుతుందా?" అని అడిగారు, అది పడీ పడీ నవ్వింది. వారం తర్వాత దాని పట్టికకి టీచరు నక్షత్రం ఇచ్చింది, దాంతో దాని పాదముద్ర గొడవ తీరిపోయింది. నాకు తీరలేదు. ఒక వారం అంకెలు వరుసగా రాసి ఉన్న కాగితాన్ని పారెయ్యడం నా వల్ల కాదు. నా ఉద్యోగం అలాంటిది, బిస్కెట్ ఫ్యాక్టరీలో తూకం చూస్తాను, బెల్టు మీద వచ్చే ప్రతి వందో పొట్లాన్ని తీసి కాటా మీద పెడతాను, రెండు గ్రాములు తగ్గితే ఎర్ర బటన్ నొక్కి లైను ఆపేస్తాను, ఎక్కడ ఏం తక్కువైందో తేలేదాకా బెల్టు కదలదు. పదకొండేళ్ళుగా అదే పని. అంకెలంటే నాకు నమ్మకం. పేపర్లో వచ్చేవి, టీవీలో చెప్పేవి, కరిగే మంచూ పెరిగే సముద్రమూ నా చేతికి అందేవి కావు, రాత్రుళ్ళు బుడ్డదాని పక్కన పడుకుని ఇది నా వయసుకొచ్చేసరికి బయట ఎలా ఉంటుందో అనుకుంటే ఏం చెయ్యాలో తోచేది కాదు. ఈ కాగితం మాత్రం చేతికి అందింది. నూట ఎనభై ఏడు. మొదటి నెల మేం వాడిన యూనిట్లు. దీన్ని తగ్గించొచ్చు అనిపించింది, తగ్గిస్తే దానికోసం ఏదో చేసినట్టే అనిపించింది.

తగ్గించాను. టీవీకీ చార్జర్లకీ గోడ దగ్గరే స్విచ్చి కట్టడం, గిన్నె మీద మూత లేకుండా ఏదీ ఉడకనివ్వకపోవడం, పప్పులు ముందే నానబెట్టడం, ఇస్త్రీ వారానికి ఒక్కసారి, లిఫ్టు బరువులున్నప్పుడే, హీటరు బుడ్డదానికి జ్వరమొస్తేనే. బండి మానేసి ఫ్యాక్టరీ బస్సెక్కాను. గదిలోంచి గదిలోకి వెళ్తూ లైటు ఆర్పని పాపానికి మా ఆయన నాచేత ఎన్ని మాటలు పడ్డాడో. చీకటి రాణి అని పేరు పెట్టాడు నాకు. స్నానాల గదిలో ఉండగా బయటినుంచి లైటు ఆర్పేశానని ఒకసారి, సబ్బు మొహంతో, "చీకటి రాణీ, దర్శనం కాదు గానీ వెలుతురు ప్రసాదించు తల్లీ" అని అరిచాడు. ఎంత నవ్వామో ఆ రోజు. నూట యాభై, నూట ముప్పై, నూట పదహారు. అక్కడ ఆగిపోయింది. అయిదు నెలలు ఎంత గింజుకున్నా నూట పదహారు దిగలేదు, ఆ అంకెతో నాకు పంతం పడింది. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఆయనకి ఈ సంగతి చెబితే మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పెద్ద ఓవెన్ వైపు బొటనవేలు చూపించి, మీ ఇల్లు ఏడాదంతా వాడేది ఇది మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోపు తినేస్తుందమ్మా, అన్నాడు. ఒళ్ళు మండింది. దాని సంగతి నా చేతిలో లేదు, నా ఇల్లు నా చేతిలో ఉంది అన్నాను. అప్పటికి ఆ మాట నిజమనే అనుకున్నాను.

ఏదో జారి కిందపడింది లోపల. మెకానిక్ గొంతు, ఏం కాలేదు మేడం, పైపు. రాగి పైపు అయి ఉంటుంది, చుట్ట చుట్టి తెచ్చాడు, పొద్దున దాన్ని మామయ్య మంచం మీద పెట్టబోతే నేలమీద పెట్టండి అన్నాను. ఆ మంచం మీద దుప్పటి మార్చి నాలుగు మూలలూ నేనే దోపాను. మామయ్య మీటర్ రీడరుగా చేసి దిగిపోయిన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు ఇంటింటికీ తిరిగి, కుక్కల చేత కరిపించుకుని, మెట్ల కింద చీకట్లో వంగి మీటర్లు చదివిన మనిషి. అత్తయ్య పోయాక మాట మానేశారు. మానేశారంటే మూగబోయారని కాదు, అడిగినదానికి ఊఁ, పెట్టినది తినడం, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోవడం, అంతే. ఏడాదిన్నర అలాగే. ఆ కాగితం ఫ్రిజ్ ఎక్కిన రెండో వారం, ఒక పొద్దున నేను టీ పెడుతుంటే వెనకనుంచి, "నిన్న ఆరు పాయింట్ రెండు" అన్నారు. ఉలిక్కిపడ్డాను. ఆయన మూడంతస్తులు దిగి, మెట్ల కింద మీటరు చూసి, మళ్ళీ మూడంతస్తులు ఎక్కి వచ్చి ఆయాసపడుతున్నారు. ఆ రోజునుంచి రోజూ అదే. ఆరింటికి అంకె, ఆరుంపావుకి టీ. మా ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి అదొకటి దొరికింది. మా ఒక్కళ్ళదే కాదు, మెట్ల కింద పెట్టెలో ఉన్న పన్నెండిళ్ళ మీటర్లూ చదివొచ్చేవారు, చదివి కథలు చెప్పేవారు. రెండో అంతస్తులో చుట్టాలు దిగారు. కింద వాళ్ళకి గొడవైనట్టుంది, రెండు గదుల్లోనూ రాత్రంతా లైట్లున్నాయి. మూల ఇంట్లో ఎవరో మంచాన పడ్డారు, పగలు కూడా వాడకం ఉంది. బుడ్డది కళ్ళు ఇంతింత చేసుకుని వినేది. "అన్నీ మీటరు చెప్పేస్తుందా తాతయ్యా?" అంటే, "చూసేవాడు చూడాలే గానీ" అనేవారు. నాకెంత సంతోషంగా ఉండేదో. మనిషిని వెనక్కి తెచ్చాననుకున్నాను.

ఎండలు ముదిరాయి. రాత్రి పన్నెండైనా గోడలు వేడి వదలని ఎండలు. ఆ నెలలో పన్నెండిళ్ళలో పదకొండు పైకెళ్ళాయి. మాది దిగింది. మూడు పాయింట్ ఆరు, మూడు పాయింట్ నాలుగు, మూడు పాయింట్ ఒకటి. నెలాఖరున మామయ్య కాగితం తీసుకుని చివరి గడిలో తన చేత్తో తొంభై ఎనిమిది అని రాశారు, ఎర్ర పెన్ను బుడ్డదాని దగ్గర అడుక్కుని సున్నా చుట్టారు. "రెండంకెల ఇల్లమ్మా మనది," అన్నారు. "నా ఉద్యోగంలో రెండంకెల ఇళ్ళంటే తాళం వేసినవే. మనుషులున్న ఇల్లు ఇదే చూడ్డం." నేను చప్పట్లు కొట్టాను. ఫ్యాక్టరీలో చెప్పుకున్నాను, నోటీసు బోర్డులో నా ఫొటో పెట్టారు, ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి ఎలా చేశారండీ అని అడిగితే మూతలూ స్విచ్చులూ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎలా తగ్గింది అని నేను మాత్రం అడగలేదు. కొత్తగా నేనేమీ మార్చలేదు ఆ నెల. ఒక ముసలాయన పగలంతా ఒక్కడే ఉండే ఇల్లు, అంత మండే నెలలో, పద్దెనిమిది యూనిట్లు ఎలా తగ్గుతుంది? రెండు గ్రాములు తగ్గితే లైను ఆపే మనిషిని నేను.

మేడం, ఒకసారి రండి. లేచి వెళ్ళాను. గది నిండా దుమ్ము, గోడలో గుండ్రటి కన్నం, కన్నంలోంచి సందులోని వెలుతురు. మెకానిక్ కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాడు. "బయట పెట్టే యూనిట్‌కి వేరే దారి లేదు మేడం. ముందువైపు అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు, మేడ మీదికి పైపు అందదు. ఇక్కడే పెట్టాలి. కాకపోతే..." అని ఆగి, గడ్డంతో ఎదురుగా చూపించాడు. ఎదురు బిల్డింగు కిటికీ. రెండు బిల్డింగుల మధ్యా గాలికోసం వదిలిన సందు, గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. ఆ కిటికీలో కుట్టుమిషనక్క తలొంచుకుని ఏదో ఎర్రగుడ్డ కుడుతోంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ కిటికీ వెలుతురే ఆవిడ దీపం, ఆ కిటికీ గాలే ఆవిడ ఫ్యాను. ఒక్క గది, ఒక్క కిటికీ. "దీని వేడంతా నేరుగా ఆవిడ మొహం మీదికే కొడుతుంది," అన్నాడు మెకానిక్, గొంతు తగ్గించి. "పెట్టమంటారా?" నాలుగు కావడానికి నలభై నిమిషాలుంది. పెట్టండి అన్నాను.

ఆవిడే కదా మామయ్యని బతికించింది. పన్నెండు రోజుల క్రితం, మధ్యాహ్నం రెండున్నరకి, సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తి చూస్తే ఎదురు కిటికీలో మామయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు, గడ్డం ఛాతీకి ఆని ఉంది. పెద్దాయనా అని పిలిచింది, పలకలేదు. స్కేలుతో ఊచ మీద కొట్టింది, కదల్లేదు. కాలికి చెప్పు లేకుండా మెట్లు దిగి, రోడ్డు చుట్టూ తిరిగి, మా మెట్లెక్కి, వాచ్‌మన్‌ని కేకేసి తలుపు తోయించి, బకెట్టు నీళ్ళు ఒంటి మీద గుమ్మరించింది. పైన ఫ్యాను చూసి స్విచ్చి వేస్తే తిరిగింది. ఆసుపత్రి వరండాలో ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది, "బాగానే తిరిగింది చెల్లీ, పాడవలేదు, ఎందుకు కట్టేసుకున్నాడో ఏమో పిచ్చి మనిషి" అని. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి ఆవిడకి. మొదటి నాలుగు రోజులు మామయ్యకి తెలివి లేదు. తర్వాత మూత్రపిండాలు తేరుకున్నాయి, మాట తేరుకోలేదు. పదానికీ పదానికీ మధ్య ఆగిపోతున్నారు, దగ్గరి వస్తువుల పేర్లు దొరకడం లేదు. గ్లాసుని చూపించి అది, అది అంటారు. పెద్దవయసు, ఇంతకన్నా బాగుపడతారని నేను చెప్పలేను అంది డాక్టరు.

కిటికీ దగ్గర నిలబడ్డాను. గోడలోకి మేకులు దిగుతున్నాయి, ఇనప స్టాండు బిగుస్తోంది, తెల్లటి పెట్టెని తాడుతో దింపి దాని మీద కూర్చోబెడుతున్నాడు మెకానిక్, దాని జల్లెడ మూతి సరిగ్గా ఎదురు కిటికీకి గురి. అక్క మిషన్ ఆపి చూస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అక్కా, అన్నాను. మామయ్య ఇవాళ వస్తున్నారు. డాక్టరు గది చల్లగా ఉండాలన్నారు. ఇంకెక్కడా చోటు లేదంటున్నాడితను. ఆవిడ తిడితే బాగుండుననిపించింది, గట్టిగా, సందంతా వినపడేలా. ఆవిడ పెట్టె వంక చూసింది, నా వంక చూసింది. "పెద్దాయనకి బాగుండాలి కదా చెల్లీ," అంది. "నేను కిటికీ మూసుకుంటాలే." మూసుకుంది. అప్పటికింకా దాన్ని నడపనేలేదు, అయినా మూసుకుంది, అలవాటు చేసుకుంటున్నట్టు. గరుకు అద్దాల వెనక కాసేపు చీకటి, తర్వాత ట్యూబ్‌లైటు వెలిగింది. పట్టపగలు మూడున్నరకి ట్యూబ్‌లైటు. మళ్ళీ మిషన్ చప్పుడు మొదలైంది, ఇప్పుడు దూరంగా వినిపిస్తోంది.

పన్నెండు రోజులుగా తెలుసు అన్నాను. అబద్ధం. ఇరవై ఒక్క రోజులుగా తెలుసు. ఆ రోజు కళ్ళజోడు మర్చిపోయి ఫ్యాక్టరీకి వెళ్ళాను, అది లేకపోతే కాటా మీది చిన్న అంకెలు కనపడవు. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చి నా తాళంచెవితో తలుపు తీశాను. కొలిమిలోకి అడుగుపెట్టినట్టుంది. మామయ్య కిటికీ దగ్గర కుర్చీలో, బనీను తడిసి ముద్దై, నెత్తిన తడి తువ్వాలు, మొహం కందిపోయి ఉన్నారు. పైన ఫ్యాను రెక్కలు నిశ్చలంగా ఉన్నాయి. నన్ను చూసి, అల్లరి చేస్తూ దొరికిపోయిన పిల్లాడిలా కంగారుగా లేవబోయి, "కరెంటు పోయిందమ్మా, ఇప్పుడే" అన్నారు. నా వెనక వంటగదిలో ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆయనకీ వినిపిస్తోంది, నాకూ వినిపిస్తోంది. ఒక్క అడుగు వెనక్కి వేసి స్విచ్చి నొక్కితే సరిపోయేది. మామయ్యా, ఏం పనిది, నా అంకెకోసం మీ ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. అప్పటికి పది రోజులైంది నోటీసు బోర్డులో నా ఫొటో పెట్టి. ఈ నెల తొంభై అయిదుకి దిగుతుందేమో అని ఆ పొద్దునే మేమిద్దరం టీ తాగుతూ అనుకున్నాం. "వచ్చేస్తుందిలెండి మామయ్యా," అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే. కళ్ళజోడు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగిపోయాను. దిగుతూ, ఆయనకీ ఒక వ్యాపకం ఉండాలి కదా అనుకున్నాను. మంచినీళ్ళు దగ్గరే ఉన్నాయి కదా అనుకున్నాను. అదే రోజు సాయంత్రం ఒక పొట్లం రెండు గ్రాములు తక్కువ తూగితే లైను ఆపాను, నీ కంటికి ఏదీ దాగదమ్మా అని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. తర్వాత తొమ్మిది రోజులు, రోజూ పొద్దున ఆరింటికి ఆయన అంకె చెప్పారు, నేను టీ ఇచ్చాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం.

ఇది ఎవరికి చెప్పను? మా ఆయనకి చెబితే ఏమంటాడు, ఏమీ అనడు, అదే భయం, నన్ను ఇంకోలా చూస్తాడు, చీకటి రాణీ అని ఇంకెప్పుడూ పిలవడు. ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా పిలవలేదు, తెలిసే పిలవలేదా అని కూడా అనుమానం. ఆసుపత్రిలో కూర్చుని అన్నీ కాకి లెక్కలు వేశాను. రెండేళ్ళలో మేం మిగిల్చిందెంత? ఆ పన్నెండు రోజులూ ఆసుపత్రిలో ఆయన్ని చల్లబరచడానికి తగలేసిన దాని ముందు అది ఎంత? ఈ పెట్టె పగలూ రాత్రీ నడిస్తే ఒక్క నెలలో మా రెండేళ్ళ గింజులాటలో సగం ఊడ్చుకుపోతుంది. వేడి ఎక్కువైందని ఇది పెడుతున్నాం, ఇది వేడి ఊదుతుంది, ఎదురావిడ కిటికీ మూసి లైటు వేసుకుంటుంది, రేపు ఆవిడ ఓర్చుకోలేక ఇదే మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆ పెట్టె ఎవరి కిటికీకి ఎదురుగా కూర్చుంటుందో. ఈ సందులోకి తల పెట్టి చూస్తే ఇప్పటికే తొమ్మిదున్నాయి, మాది పదోది. పంతొమ్మిది ఈ వారంలో అన్నాడు. ఇలాంటి మెకానిక్కులు ఎంతమందో, ఇలాంటి వారాలు ఎన్నో. బుడ్డదాని కోసం మొదలుపెట్టానా ఇదంతా? దానికి మిగిల్చిందేమిటి, గ్లాసు పేరు మర్చిపోయిన తాతయ్యా, నేనూ. ఆ మెయింటెనెన్స్ ఆయన మాట అప్పుడే నమ్మి ఉంటే మామయ్య ఇవాళ పన్నెండు మీటర్ల కథలూ చెబుతూ ఉండేవారు, లోకం ఎలాగూ ఇలాగే ఉండేది. చేసినా ఇంతే, చెయ్యకపోయినా ఇంతే అయినప్పుడు, చెయ్యకపోతే కనీసం ఆయన మిగిలేవారు.

పెట్టె మొదలైంది. ముందు చిన్న దగ్గు, తర్వాత ఒకటే ధార. మెకానిక్ రిమోట్ నా చేతిలో పెట్టి ఇది ఎక్కువ, ఇది తక్కువ అని చూపించి, దుమ్మంతా తనే ఊడ్చి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, ఇరవయ్యో ఇంటికి. గది మధ్యలో నిలబడ్డాను. మెడ మీద చెమట చల్లబడింది, చేతుల మీద రోమాలు లేచాయి, ప్రాణం లేచొచ్చినట్టయింది, దాచుకోలేను, హాయిగా ఉంది. ఇంత హాయి ఇన్నాళ్ళూ ఒక్క బటన్ దూరంలో ఉంది. నా ఒంటికి సిగ్గు లేదనిపించింది. లిఫ్టు తలుపు చప్పుడు. బుడ్డది ముందు పరిగెత్తుకొచ్చింది, వాళ్ళ నాన్నతో అదీ ఆసుపత్రికి వెళ్ళింది. వెనక మా ఆయన, ఆయన భుజం పట్టుకుని మామయ్య. పన్నెండు రోజుల్లో చొక్కా వదులైపోయింది. ఒక్కో అడుగూ వెతుక్కుంటూ వేస్తున్నారు. మంచం మీద కూర్చోబెట్టాం, పడుకోబెట్టాం, దిండు సర్దాను. "ఎంత చల్లగా ఉందో చూడు తాతయ్యా!" అంది బుడ్డది, గది మధ్యలో చేతులు చాపి గిర్రున తిరిగింది. మా ఆయన మందుల సంచీ పట్టుకుని దాన్ని తీసుకుని హాల్లోకి వెళ్ళాడు. నేనూ మామయ్యా మిగిలాం. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆ రోజు కరెంటు పోలేదని నాకు తెలుసు మామయ్యా, అని చెప్పి కాళ్ళ మీద పడాలి. నోరు తెరిచాను.

ఆయన గదిలో గోడకున్న ఏసీనే చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి, మాట కోసం వెతుక్కుంటున్నారు. "గంటకి..." అన్నారు. ఆగారు. "ఎంత... తింటుందమ్మా?"

"ఒకటి," అన్నాను. "ఒక యూనిట్. మీరవన్నీ పట్టించుకోకండి మామయ్యా, పడుకోండి."

కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. తర్వాత నెమ్మదిగా, ఎవరూ వినకూడని మాట చెబుతున్నట్టు, "మధ్యాహ్నం... ఒక గంట... కట్టేద్దాంలే," అన్నారు. "మీరంతా... వెళ్ళాక. నాకేం... కాదు."

వద్దు, అన్నాను. వద్దు మామయ్యా, ఎప్పుడూ కట్టొద్దు, ఒట్టు వెయ్యండి అన్నాను, గట్టిగానే అన్నాను. కానీ ఆ వద్దు నోట్లోంచి రావడానికి ముందు, రెప్పపాటు కూడా లేని ఆ సందులో, నాకు తెలియకుండానే నా లోపల లెక్క తేలిపోయింది, రోజుకి ఒకటి, నెలకి ఇంత. మామయ్య కళ్ళు తెరిచి నా మొహంలోకే చూస్తున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు గుమ్మాల ముందు నిలబడి, లోపలికి రాకుండానే లోపల సంగతి చెప్పిన మనిషి.

"ముప్పై," అన్నారు, ఎక్కడా తడబడకుండా. నాకు నచ్చిన అంకె దొరికిందన్న సంతోషంతో, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.